తక్కువ బడ్జెట్‌లో పాత పద్మిని, అంబాసిడర్: భిలాయ్‌లో కొనేవారు ధర కంటే ముందు చూడాల్సింది ఆర్‌సీ

భిలాయ్ టౌన్‌షిప్‌లో పాత కారు మోజు చాలాసార్లు కవర్ కప్పి ఉంచిన ఒక కారు దగ్గర మొదలవుతుంది. ఎప్పుడో ముప్పై నలభై ఏళ్ల కిందట కొన్న ప్రీమియర్ పద్మిని. కొన్నాయన రిటైరయ్యారు, పిల్లలు బెంగళూరుకో అమెరికాకో వెళ్లిపోయారు, కారు మాత్రం చెట్టు కింద ఉండిపోయింది. టైర్లలో గాలి లేదు, బ్యాటరీ ఎప్పుడో పోయింది. అడిగితే 'ఎంతో కొంత ఇచ్చి తీసుకుపో బాబూ' అంటారు. నడవని స్థితిలో ఉన్న కార్లు కొత్త స్కూటర్ ధరకే చేతికొచ్చే సందర్భాలూ ఉన్నాయి. చారాణా కోడికి బారాణా మసాలా అన్న మాట ఇలాంటి బేరం చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

పాత కారు విషయంలో కొన్న ధర మొత్తం ఖర్చులో చిన్న భాగం. మిగతాది రిపేరు అని చాలామంది అనుకుంటారు, అదీ సగం నిజమే. జేబులో పరిమితంగా డబ్బున్నవారిని ఎక్కువగా ముంచేది కాగితం. కారు రిజిస్ట్రేషన్ బతికి ఉందా, ఏ రాష్ట్రంలో ఉంది, ఎవరి పేరున ఉంది, ఎన్నేళ్ల కిందట ఆగిపోయింది అన్నవే ఆ కారు రోడ్డెక్కుతుందో లేదో తేలుస్తాయి. మన దేశంలో 15 ఏళ్లు దాటిన కారు చట్టం దృష్టిలో పాతది. 50 ఏళ్లు నిండితేనే వింటేజ్. మధ్యలోని 35 ఏళ్లలో దానికి కొత్త కారుకున్న సౌకర్యమూ లేదు, వారసత్వ వస్తువుకున్న గౌరవమూ లేదు. సామాన్య ఉద్యోగి కొనగలిగిన పద్మినులు, అంబాసిడర్లు, కాంటెస్సాలు దాదాపు అన్నీ ఈ మధ్యకాలానివే.

రెండు ఫ్యాక్టరీల మధ్య ఊరు

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ తరానికి సైకిల్, తర్వాత స్కూటర్, రిటైర్మెంట్ దగ్గర పడ్డాక కారు. దొరికిన కార్లు కూడా రెండు మూడు రకాలే. హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్, ప్రీమియర్ ఆటోమొబైల్స్ పద్మిని, వీటికి తోడు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా మధ్యతరగతికి ఉన్న ఎంపిక ఇంతే.

మ్యాపులో చూస్తే భిలాయ్‌కి ఒక అనుకూలత కనిపిస్తుంది. అంబాసిడర్ తయారైన ఉత్తర్‌పారా కోల్‌కతా పక్కన ఉంటే, పద్మిని తయారైన కుర్లా ముంబైలో ఉంది. హావ్‌డా-నాగ్‌పూర్-ముంబై రైలు మార్గం మధ్యలో దుర్గ్, భిలాయ్ ఉన్నాయి. ఫ్యాక్టరీలు మూతపడినా పాత సామాను బజార్లు ఆ రెండు నగరాల్లో ఇంకా బతికే ఉన్నాయి. కోల్‌కతా మల్లిక్ బజార్‌లో అంబాసిడర్ భాగాలు, ముంబైలో పద్మిని భాగాలు వెతుక్కోవచ్చు. రెండు వైపుల నుంచీ ఈ ఊరికి నేరుగా రైలుంది.

ఇంకో సంగతి. ఇది ఉక్కు ఊరు కదా, కారు రేకు ఇక్కడే దొరుకుతుందిలే అనుకుంటే పొరపాటు. భిలాయ్ ప్లాంటు పేరు రైలు పట్టాలకు, మందపాటి ప్లేట్లకు, స్ట్రక్చరల్స్‌కు, వైర్ రాడ్లకు. కారు బాడీకి కావాల్సిన పలుచని కోల్డ్ రోల్డ్ రేకు ఇక్కడి సరుకు కాదు.

ఆర్‌సీ ఆగిపోతే ఏమవుతుంది

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 41 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి. దానికి ఫారం 25 పెట్టాలి, కారును తీసుకెళ్లి తనిఖీ చేయించాలి. ఒకప్పుడు ఈ ఫీజు 600 రూపాయలే. 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో కేంద్రం మళ్లీ సవరించి, 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేసింది. జీఎస్టీ అదనం.

ఇది తెలిసిన ఖర్చు కాబట్టి సర్దుకోవచ్చు. ఆలస్య రుసుము సంగతి అలా కాదు. గడువు దాటాక పునరుద్ధరణకు వెళితే, కార్లకు నెలకు 500 రూపాయల చొప్పున అదనంగా కట్టాలి. ఐదేళ్లుగా ఆర్‌సీ ఆగిపోయిన 1986 నాటి పద్మినిని తీసుకుందాం. 60 నెలలకు 30,000, పునరుద్ధరణకు 10,000. అంటే ఒక్క స్పానర్ కూడా తిప్పకముందే 40,000 రూపాయలు. కారును 60,000కి కొన్నవారికి అది లక్ష రూపాయల కారు అయిపోయింది, ఇంకా చెట్టు కిందే ఉంది.

ఇందులో ఒక చిక్కుముడి కూడా ఉంది. తనిఖీకి తీసుకెళ్లాలంటే కారు నడవాలి, బ్రేకులు పట్టాలి, లైట్లు వెలగాలి. కాబట్టి ముందు రిపేరు చేయించాలి. ఆ డబ్బంతా పోశాక కాగితంలో ఏదైనా అడ్డంకి బయటపడితే, బాగుచేసిన కారు ఇంటి ముందు అలంకారంగా మిగిలిపోతుంది. తక్కువ బడ్జెట్‌లో కొనేవారికి దీని నుంచి తప్పించుకునే దారి ఒకటే. ఆర్‌సీ అమల్లో ఉన్న కారునే కొనాలి, లేదంటే అమ్మేవారే పునరుద్ధరించి ఇస్తేనే మిగతా డబ్బు ఇస్తామని మాట్లాడుకోవాలి. దీనివల్ల పాతిక వేలు ఎక్కువైనా అది నష్టం కాదు.

భిలాయ్ కార్లలో మరో మెలిక ఉంది. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడింది. అంతకుముందు ఇక్కడ నమోదైనవన్నీ మధ్యప్రదేశ్ నంబర్లే. 1989కి ముందువైతే ఇప్పటి రెండక్షరాలు, జిల్లా అంకె పద్ధతి కూడా ఉండదు, మూడక్షరాల పాత నంబరు. భిలాయ్ వాహనాలు దుర్గ్ ఆర్‌టీఓ పరిధిలోకి వస్తాయి, కొత్త కోడ్ సీజీ 07. పాత కారు వివరాలు పుస్తకాల్లోంచి వాహన్ కంప్యూటర్ రికార్డులోకి ఎక్కాయా లేదా అన్నది అడ్వాన్స్ ఇచ్చే ముందే చూసుకోవాల్సిన విషయం. పరివాహన్ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే వివరాలు రాకపోతే, అసలు ఆర్‌సీ పుస్తకం చూపించి ఆర్‌టీఓ ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. ఆ పుస్తకం కూడా పోయిందంటే, బేరం ఎంత తీయగా ఉన్నా లేచి రావడమే మంచిది. 'జిరాక్స్ ఉంది కదా' అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

యజమాని చనిపోయిన సందర్భాలు ఉద్యోగుల ఊళ్లో తరచూ ఎదురవుతాయి. తండ్రి పేరున ఉన్న కారును కొడుకు నేరుగా అమ్మేసి, సంతకం ఆయనదే పెట్టించడం ఎక్కడైనా జరిగే తప్పుడు పని. నిబంధనల ప్రకారం యజమాని మరణాన్ని 30 రోజుల్లో ఆర్‌టీఓకు తెలపాలి. మూడు నెలల్లో వారసులు ఫారం 31తో తమ పేరున మార్పించుకోవాలి. ఆ తర్వాతే ఫారం 29, 30లతో అమ్మకం. వారసులు నలుగురుంటే నలుగురి అంగీకారమూ కావాలి. విదేశంలో ఉన్న అక్క సంతకం కోసం ఆర్నెల్లు ఆగాల్సి రావచ్చు. ఆగడం ఇష్టం లేకపోతే ఇంకో కారు చూసుకోవాలి తప్ప అడ్డదారి పట్టకూడదు. పాత బ్యాంకు లోను ఆర్‌సీలో ఇంకా కనిపిస్తుంటే ఫారం 35 కూడా అడగాలి. అప్పు తీరి ఇరవై ఏళ్లయినా రికార్డులో తీసేయించని ఆర్‌సీలు ఎదురవుతుంటాయి.

విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో కారు తెస్తే ఫారం 28 మీద అక్కడి ఎన్‌ఓసీ కావాలి. వేరే రాష్ట్రం నంబరుతో ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే సెక్షన్ 47 ప్రకారం స్థానిక నంబరు తీసుకోవాలి. గడువు తీరిన ఆర్‌సీ అయితే ముందు అక్కడే పునరుద్ధరించి, తర్వాత ఎన్‌ఓసీ తీసుకోవడం క్షేమం. రెండు రాష్ట్రాల ఆఫీసుల మధ్య తిరిగే ఫైలుకు రైలు టిక్కెట్ల ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

తెల్ల అంబాసిడర్ ఇక వేలంలో రాదు

ఒకప్పుడు తక్కువ డబ్బుతో అంబాసిడర్ కావాలంటే తేలికైన దారి ప్రభుత్వ వేలం. కలెక్టరేట్లు, ప్రభుత్వరంగ సంస్థలు వాడి పక్కన పెట్టిన తెల్ల కార్లను వేలం వేసేవి, కొన్నవారు ఫారం 32తో పేరు మార్చుకునేవారు. ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనతో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల, ప్రభుత్వరంగ సంస్థల వాహనాలకు 15 ఏళ్లు నిండగానే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అంతకుముందే పునరుద్ధరించినవి కూడా రద్దయినట్టే లెక్క. వాటిని గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రాల ద్వారానే వదిలించుకోవాలి. అంబాసిడర్ ఉత్పత్తి 2014 మేలో ఆగింది. కాబట్టి ప్రభుత్వం కొన్న ఆఖరి అంబాసిడర్లు కూడా 2029కల్లా తుక్కుకే వెళతాయి.

ప్రభుత్వరంగ సంస్థ చుట్టూ పెరిగిన భిలాయ్‌లో ఈ నిబంధన ప్రభావం ఎక్కువ. ఎవరైనా 'ఆఫీసు కారు, చవగ్గా ఇప్పిస్తా' అంటే, ఆ కారు తొలి రిజిస్ట్రేషన్ తేదీ, అది ప్రైవేటు పేరుకు మారిన తేదీ రెండూ చూడాలి. రద్దయిన కారు తలుపులు, లైట్లు, ఇంజన్ భాగాలుగా పనికొస్తుందేమో గానీ కారుగా పనికిరాదు.

50 ఏళ్ల గీత

2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక భాగం చేర్చారు. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండిన, వాణిజ్యానికి వాడని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు దీని కిందికి వస్తాయి. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాతి పునరుద్ధరణకు 5,000. కొత్తగా నమోదయ్యేవాటి నంబరులో రాష్ట్ర అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. ఇప్పటికే నమోదై ఉన్నవి పాత నంబరునే ఉంచుకోవచ్చు.

డబ్బు పరంగా చూస్తే మొదటి పదేళ్లలో తేడా ఏమీ లేదు. మామూలు పద్ధతిలో ఐదేళ్లకోసారి 10,000 అయినా, వింటేజ్ పద్ధతిలో ఒకేసారి 20,000 అయినా లెక్క ఒకటే. తేడా వాడకంలో ఉంది. వింటేజ్‌గా నమోదైన కారును రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించడం, మరమ్మతు వంటి వాటికే అనుమతి. ఆదివారం పిల్లల్ని మైత్రీ బాగ్‌కు తీసుకెళ్లాలని కొన్న కారుకు ఈ గుర్తింపు వల్ల ఒరిగేదేమీ లేదు.

రెండో షరతు ఇంకా ముఖ్యం. చాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఖర్చు కలిసొస్తుందని పద్మినిలో వేరే కంపెనీ డీజిల్ ఇంజన్ బిగించిన కార్లు మన దగ్గర తక్కువేమీ కావు. అలాంటి కారు ఇవాళ చవగ్గా వస్తుంది. మార్పును ఆర్‌సీలో నమోదు చేయించకపోతే ఇవాళే చిక్కు, రేపు 50 ఏళ్లు నిండినా వింటేజ్ తలుపు మూసినట్టే.

ఈ 50 ఏళ్ల గీత ప్రపంచం మీద చూస్తే చాలా కఠినం. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 30 ఏళ్లను హద్దుగా పెట్టుకుంది. జర్మనీలో 30 ఏళ్లు నిండి అసలు రూపంలో ఉన్న కారుకు హెచ్ అక్షరంతో ప్రత్యేక నంబరు ఇస్తారు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లకు రోడ్డు పన్ను ఉండదు, పెద్ద మార్పులు చేయకపోతే వార్షిక తనిఖీ కూడా తప్పనిసరి కాదు. అక్కడి లెక్కలో 1985 నాటి పద్మిని గౌరవంగా బతికేది. ఇక్కడ అది 2035 దాకా ఐదేళ్లకోసారి పరీక్ష రాయాల్సిందే. కాలుష్యం పేరుతో ఫీజులు పెంచడాన్ని అర్థం చేసుకోవచ్చు. కానీ ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని కారునూ రోజూ వంద కిలోమీటర్లు తిరిగే పాత కారునూ ఒకే గాటన కట్టడం సమంజసంగా లేదు.

ఏ కారు

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు అరుదైన కారు జోలికి వెళ్లకపోవడమే తెలివి. స్టాండర్డ్ హెరాల్డ్ చూడముచ్చటైన కారు, విడిగా చాసిస్ ఉంటుంది, ముందు భాగమంతా ఒకే మూతలా పైకి లేస్తుంది. కానీ దాని భాగాల కోసం తిరిగే తిరుగుడు అంతా ఇంతా కాదు. 1984లో వచ్చిన కాంటెస్సా మీద ఇప్పుడు యువతకు మోజు ఎక్కువ, ధరా దానికి తగ్గట్టే పెరిగింది.

మిగిలినవి పద్మిని, అంబాసిడర్. ఫియట్ 1100 నుంచి వచ్చిన పద్మినిది 1089 సీసీ ఇంజన్. చిన్నది, తేలిక, స్టీరింగ్ పక్కన గేరు. దీని సిలిండర్ హెడ్ అల్యూమినియం. ఒకసారి బాగా వేడెక్కితే వంగిపోయి గ్యాస్కెట్ కొడుతుంది. అందుకే రేడియేటర్ మూత తీసి నీళ్లలో నూనె తెట్టు ఉందేమో చూడాలి. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి రూపాంతరం. పెట్రోలు రకానిది 1489 సీసీ, 1990ల నుంచి 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్ రకం కూడా వచ్చింది. ఊళ్లో మెకానిక్ దొరికే అవకాశం దీనికే ఎక్కువ.

ఇన్సూరెన్స్‌లో ఈ సీసీ అంకెలకు విలువ ఉంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ పట్టికలో 1000 నుంచి 1500 సీసీ దాకా ఏడాదికి 3,416 రూపాయలు, అది దాటితే 7,897. పద్మిని, పాత అంబాసిడర్ మొదటి వరుసలో పడతాయి. ఇసుజు ఇంజన్ అంబాసిడర్ రెండో వరుసలో పడుతుంది.

రేకు, ఎండ, పెట్రోలు

ఇంజన్‌ను విప్పి బాగు చేయవచ్చు, బాడీ తుప్పు పడితే డబ్బు నీళ్లలా పోతుంది. పద్మినికీ అంబాసిడర్‌కీ విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి భాగం, నేల రేకు, వెనక స్ప్రింగులు బిగించే చోటు తుప్పు పడితే అది అందం సమస్య కాదు, ప్రాణం సమస్య. మెరిసే పెయింట్ కింద పుట్టీ ఎంత దాగుందో తెలుసుకోవడానికి జేబులో ఒక అయస్కాంతం చాలు. పట్టుకోని చోట రేకు లేనట్టే. కార్పెట్ ఎత్తి చూడాలి, అమ్మేవారు మొహమాట పెట్టినా సరే. మన ఊళ్లలో టింకరింగ్ అనే పనిని ఇక్కడ డెంటింగ్ అంటారు. పేరు ఏదైనా, చేత్తో రేకు వంచి అతికే పనివారు తగ్గిపోతున్నారు. ఆ పని తెలిసినవారు ఎవరున్నారో కారు కొనే ముందే వాకబు చేయాలి.

మే నెలలో ఛత్తీస్‌గఢ్ మైదానాల్లో ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. ఈ కార్లలో పెట్రోలు పంపు ఇంజన్‌కే అతుక్కుని ఉంటుంది. వేడికి పెట్రోలు ఆవిరై సరఫరా ఆగిపోతుంది, జీఈ రోడ్డు మధ్యలో కారు మొరాయిస్తుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగడం పాత డ్రైవర్ల చిట్కా, అది ఇప్పటికీ పనిచేస్తుంది. భిలాయ్‌లో ఇలాంటి కారు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నడిపే కారు అనుకోవాలి.

కొత్త బెడద ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ కార్ల రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం దానికోసం తయారైనవి కావు. అవి ఉబ్బి, పగిలి లీకవుతాయి. వేడి ఇంజన్ పక్కన లీకంటే మంటలే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలబడే కారులో ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. కొన్న వెంటనే పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చడం, ట్యాంకు దింపి కడిగించడం, కార్బరేటర్ జెట్‌ను మెకానిక్‌తో సరిచూపించడం తప్పనిసరి పనులు. సీటు కవర్ల కంటే, కొత్త పెయింట్ కంటే ముందు ఇవి, బ్రేకులు, టైర్లు. చూడటానికి బాగున్నా పదేళ్లనాటి టైర్లను నమ్మకూడదు.

లక్షన్నర చేతిలో ఉందనుకుంటే, కారుకు 75,000 మించి పెట్టకపోవడం మంచి లెక్క. మిగతా సగం పునరుద్ధరణ, ఇన్సూరెన్స్, కాలుష్య ధ్రువపత్రం, బ్రేకులు, టైర్లు, పెట్రోలు లైను, బ్యాటరీ, వైరింగ్‌లకే చాలదేమో. ఉన్నదంతా కారుకే పోసి, నెలనెలా జీతంలోంచి బాగుచేసుకుందాం అనుకున్నవారి కార్లు మెకానిక్ షెడ్డులో ఏళ్లకేళ్లు పడి ఉంటాయి. ఈలోగా ఆర్‌సీ గడువు తీరి నెలకు 500 మీటరు మళ్లీ మొదలవుతుంది.

చూడటానికి వెళ్లే రోజు అమ్మేవారికి ఫోన్ చేసి, కారు ముందుగా స్టార్ట్ చేసి ఉంచవద్దని చెప్పాలి. చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందో, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుందో తెల్ల పొగ వస్తుందో అప్పుడే తెలుస్తుంది. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చును ఆర్‌సీ పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చుకోవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా టోకెన్ అడ్వాన్స్ జేబులోంచి తీయకూడదు.